బోధన్ చెరుకు కాటా నుంచి గల్ఫ్ అకౌంటెంట్ వీసా దాకా



పోయిన నెల మన గ్రూపుల బోధన్ దిక్కు తండా తమ్ముడొకడు రెండు కాగితాల ఫోటోలు పెట్టిండు. బీకాం పాసైండు, ట్యాలీ నేర్చుకున్నడు. సౌదీల అకౌంటెంట్ ఉద్యోగం వచ్చిందన్నడు. నెలకు రెండు వేల రియాళ్లు, రూము కంపెనీదే, ఏజెంటుకు లక్షా నలభై వేలు కట్టాలె. "పోవచ్చా అన్నా?" అని అడిగిండు. కింద అందరం "ఆల్ ది బెస్ట్ తమ్మీ" అని రాసినం. మేము కూడా రాసినం, దాచుడెందుకు. తండా నుంచి ఒక పిలగాడు తాపీ పట్టకుండ, గొర్లు కాయకుండ, కుర్చీల కూసునే పనికి గల్ఫ్ పోతున్నడంటే ఎవరికి సంబురం ఉండదు?

ఆ ఆదివారం నిజామాబాద్‌ల మేం నలుగురం కలిసినప్పుడు ఆ తమ్ముడు కాగితాలు తెచ్చిండు. ఆఫర్ లెటర్ ఇంగ్లీషుల ఉన్నది, "అకౌంటెంట్" అని సాఫుగా రాసున్నది. వీసా కాపీల పేరు, పాస్‌పోర్ట్ నంబరు ఇంగ్లీషుల ఉన్నయి గాని, వృత్తి దగ్గర మాత్రం అరబ్బీ. మాకెవరికీ అరబ్బీ రాదు. 2002ల సౌదీ పోయి 2016ల తిరిగొచ్చిన మా కాకా ఒకాయన అక్కడనే కూసున్నడు. ఆయనకూ అరబ్బీ చదువరాదు. మన తెలుగే అంతంత మాత్రం చదువుతడు. కాగితం తీసుకొని, కండ్లద్దాలు సర్దుకొని, ఒక మాట మీద వేలు పెట్టిండు.

"గిది అకౌంటెంట్ కాదు బేటా. గీ అక్షరాలు నా అకామా మీద పద్నాలుగేండ్లు చూసిన. గిది 'ఆమిల్'. కూలోడు అన్నట్టు."

తమ్ముడు ఏజెంటుకు ఫోన్ కొడితే, "అది పేరుకే, అక్కడికి పోయినంక మారుస్తరు" అన్నడు. మారుస్తరో లేదో కిందకు చెప్తం. ముందు ఒక సంగతి మమ్మల్ని పట్టుకొని వదలలేదు. కాగితం మీద మన పేరు పక్కన ఏం రాసి ఉన్నదో చదువరాకుండనే మనోళ్లు ఎన్ని తరాలు ఎన్ని దేశాలు తిరిగిన్రు? అందుకే ఈ పోస్టు. జర పొడుగున్నది, టైం తీసుకొని చదవండి.

మనం లెక్కలు రానోళ్లం అని స్కూల్ల సార్లు అనంగ విన్నోళ్లు ఈ గ్రూపుల మస్తు మంది ఉంటరు. మన తాతలు చేసిన పని యాది చేసుకుంటే ఆ మాట ఎంత తప్పో తెలుస్తది. మన గోర్‌బోలిల "లదేణి" అంటరు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు ఏసుకొని నెలల తరబడి దేశం దాటించే బేరం అది. 17వ శతాబ్దంల ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే మన దేశం తిరిగినప్పుడు, ఒక్కో బిడారుల 10 వేలు, 12 వేల ఎడ్లు దాకా చూసినట్టు రాసుకున్నడు. గోధుమలు మోసేటోళ్లు వేరు, బియ్యం మోసేటోళ్లు వేరు, పప్పులోళ్లు వేరు, ఉప్పోళ్లు వేరు అని కూడా రాసిండు. 10 వేల ఎడ్లు అంటే ఎంత సరుకు, ఎంత మేత, ఏ సంతల ఏ ధర, ఎవరికి ఎంత బాకీ? లెక్క లేకుండ ఆ బిడారు ఒక్క రోజన్న నడుస్తదా? నడిచింది. కాకపోతే ఆ లెక్క నాయక్ నోట్ల, కార్భారి యాదిల ఉన్నది. గోర్‌బోలికి లిపి లేదు. రాసి పెట్టుకున్న ఖాతా మన దగ్గర లేదు.

లిపి లేకున్నా బేరం నడిచినన్ని రోజులు ఇబ్బంది కాలేదు. రైలు వచ్చినంక బేరం పోయింది. 1900 ప్రాంతంల సికింద్రాబాద్ – మన్మాడ్ లైను ఇందూరు మీదుగా పడ్డది. ఇందూరు అంటే ఇప్పటి నిజామాబాదే. ఎద్దు మోసేది రైలు మోసుడు మొదలుపెట్టింది. మనోళ్లు గుట్టల పక్కన, అడవి అంచున తండాలు కట్టుకొని, ఎవుసానికి, కూలికి దిగిన్రు. అప్పటి నుంచి మన లెక్క రాసే పెన్ను వేరేటోళ్ల చేతులకు పోయింది. భూమి లెక్క పట్వారీ రాసిండు. అప్పు లెక్క షావుకారు రాసిండు. పై దఫ్తర్లల 1884 దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. తండాల పుట్టినోనికి మూడూ ఒక్క తీరే, ఒక్క అక్షరం తెల్వదు. తండా ఊరు కిందనే ఉండె, తండాకంటూ వేరే రికార్డు లేకుండె. చిన్న లెక్క పుస్తకమైనా మన తండాకు సొంతంగ వచ్చింది 2018ల. తండాలను గ్రామ పంచాయతీలు చేసిన చట్టంతోని క్యాష్ బుక్కు మన పంచాయతీ ఆఫీసుల పెట్టుకున్నం. అంతకు ముందు అన్నీ వేరేటోళ్ల బీరువాల్లనే.

ఇగ బోధన్ సంగతికి వస్తం. 1923ల మొదలుపెట్టి 1931ల మంజీరా మీద నిజాంసాగర్ కట్టిన్రు. నీళ్లు రాంగనే భూమి రూపం మారింది. కోస్తా దిక్కు నుంచి రైతులు వచ్చి వర్ని, బోధన్, కోటగిరి చుట్టూ క్యాంపులు కట్టుకున్నరు. చెరుకు పెరిగింది. 1937ల బోధన్ పక్కన శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన్రు. ఆసియాలనే పెద్దదని మన తాతలు గొప్పగ చెప్పుకునేటోళ్లు. ఫ్యాక్టరీ సైరన్ కూతకు పొయ్యి ముట్టించేటోళ్లమని మా నాయనమ్మలు చెప్పంగ విన్నం.

చెరుకు పంట అంటే చివరి దాకా లెక్కనే. రైతుకు కోత పర్మిట్ రావాలె, బండి కాటా మీదికి ఎక్కాలె, తూకం చీటీ రావాలె, చెరుకుల ఎంత శక్కర పడ్డది అనే రికవరీని బట్టి ధర కట్టాలె. 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వుల ఏమున్నదంటే, చెరుకు తీసుకున్న 14 రోజుల్ల పైసలు కట్టాలె, ఆలస్యమైతే సాలుకు నూటికి 15 చొప్పున మిత్తి కట్టాలె. చట్టం మంచిగనే ఉన్నది. దాన్ని చదివి, తేదీలు లెక్కబెట్టి అడిగేటోడే ఉండాలె.

ఇది రైతు సంగతి. రైతు కింద చెరుకు నరికేటోని సంగతి ఇంకో మెట్టు కింద. మన తండాల నుంచి పోయిన్రు, నాందేడ్, బీడ్ దిక్కు నుంచి మన బంజారా చుట్టాలే పిల్లాజెల్లతోని వచ్చిన్రు. ఆ దిక్కు పద్ధతి చాలా మందికి తెల్వదు. మొగడు పెండ్లాలు ఇద్దర్ని కలిపి ఒక్క "కోయితా" అంటరు. కోయితా అంటే చెరుకు నరికే కత్తి. మనిషిని కూడా కత్తి పేరుతోనే లెక్కబెడ్తరు. దసరాకు ముందే ముకద్దం కోయితాకు ఇంత అని ముందుగాల పైసలిస్తడు, దాన్ని "ఉచల్" అంటరు. సీజన్ అయిపోయినంక ఎన్ని టన్నులు నరికిన్రో లెక్క తీసి ఉచల్‌ల కటాయిస్తరు. లెక్క తక్కువ పడితే వచ్చే సీజన్‌కు మళ్ల రావాలె. పుస్తకం ముకద్దం దగ్గర, కత్తి మనోని దగ్గర. తెలివి తక్కువై మనోళ్లు మోసపోయిన్రంటే మేము ఒప్పుకోం. లక్షల టన్నులు నరికినోనికి టన్ను లెక్క తెల్వక కాదు. రాసిన కాగితం ముంగట నోటి లెక్క నిలవదు, అంతే.

ఫ్యాక్టరీ లోపల పర్మినెంట్ నౌకరి దొరికిన మనోళ్లు కొద్దిమంది. దొరికినోళ్లు మిషన్ల కాడ, యార్డుల, ట్రాక్టర్ల కాడ. అకౌంట్స్ సెక్షన్ల మన తండా మనిషి ఉండేటోడని మేమడిగిన పెద్దలల్ల ఒక్కరు కూడా చెప్పలేదు. 2002ల ఫ్యాక్టరీల 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌ల లేఆఫ్ అని బోర్డు పెట్టిన్రు. మంది రోడ్డున పడ్డరు, జీతం బకాయిల కోసం ఏండ్ల తరబడి తిరిగిన్రు. చెరుకు పొలాలల్ల వరి పెట్టిన్రు. మా ఈడు పిల్లలకు శక్కర్‌నగర్ అంటే సెల్ఫీ దిగే పాత గోడలు, అంతే.

ఇంటి కాడ చెరుకు కథ గిట్ల. మీకు ఇంకో చెరుకు కథ చెప్పాలె, సముద్రం అవతలిది. "లెక్కలు రాసే పని కోసం పరాయి దేశం" అనే ముచ్చట గల్ఫ్‌తోని మొదలైంది కాదు.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ దక్షిణాఫ్రికాల డర్బన్ రేవుకు చేరింది. అందుల 342 మంది. నటాల్ చెరుకు తోటలకు ఒప్పందం మీద పోయిన మొదటి మనోళ్లు. ఆ తర్వాత యాభై ఏండ్ల దాకా వచ్చిన ఓడలల్ల విశాఖ, గోదావరి దిక్కు తెలుగోళ్లు వేల మంది. ఓడ దిగంగనే ఒక్కొక్కరికి ఒక నంబరు. రిజిస్టర్ల పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చలు. ఇవాళ అక్కడి తెలుగోళ్లు తమ తాతల ఊరు వెతుక్కోవాలంటే ఆ రిజిస్టరే దిక్కు.

అదే డర్బన్‌కు 1893ల ఇంకో మనిషి దిగిండు. ఒక సంవత్సరం కాంట్రాక్టు, 105 పౌండ్ల ఫీజు, రానుపోను ఫస్ట్ క్లాస్ ఖర్చు. పిలిపించింది గుజరాతీ వర్తకుడు దాదా అబ్దుల్లా. వచ్చింది గాంధీ. మనకు స్కూల్ల చెప్పింది రైల్లకెళ్లి నూకేసిన ముచ్చట. చెప్పనిది ఇంకొకటున్నది. ఆ కేసు 40 వేల పౌండ్ల వ్యాపార దావా, ఎక్కువగ ఖాతా పుస్తకాల మీదనే నడిచింది. బారిస్టర్ చదివిన గాంధీకి జమా ఖర్చుల పుస్తకం అర్థం కాలేదు. గుమాస్తా ఒక మాటంటే అదేందో తెల్వక బిత్తరపోయిండు. అప్పుడు బుక్‌కీపింగ్ పుస్తకం కొనుక్కొని, కూసొని నేర్చుకున్నడు. ఆ సంగతి ఆయన ఆత్మకథలనే రాసుకున్నడు. అంత చదువుకున్నా తెల్లోళ్లు ఆయనను "కూలీ బారిస్టర్" అనే పిలిచిన్రు. అంటే వృత్తి కాగితం మీద ఏమున్నా, రంగు చూసి "కూలీ" అని ముందు తగిలించిన్రు. మా కాకా అకామా మీది మాట చూసినప్పుడు మాకు మొదట యాదికొచ్చింది ఇదే.

ఒక్క రేవుల దిగినోళ్లే అందరూ. పేరు పక్కన నంబరు పడ్డోళ్లు కొందరు, వర్తకుల ఖాతాలు రాయడానికి పోయినోళ్లు కొందరు. చదువు, పలుకుబడి, జాతి, కులం అన్నీ కలిసి ఆ గీత గీసినయి. ఆ గీత తర్వాత గల్ఫ్‌ల కూడా గట్లనే పడ్డది.

గల్ఫ్ అంటే మనకు 1973 తర్వాత నూనె ధరలు పెరిగినంక మొదలైన సంగతి. అక్కడ ఇండియా లెక్క మనిషి ఉన్నది మాత్రం చాలా ముందటి నుంచి. మస్కట్, బహ్రెయిన్ రేవులల్ల సింధ్, కచ్ దిక్కు భాటియా వర్తకులు ముత్యాల బేరానికి, ఖర్జూరాల బేరానికి అప్పులిచ్చుకుంట, ఖాతాలు రాసుకుంట తరాల కొద్ది ఉన్నరు. ఇరాన్ దిక్కు అబాదాన్‌ల 1912ల నూనె రిఫైనరీ నడుసుడు మొదలైనంక ఇంగ్లీషు కంపెనీ మన దేశం నుంచి క్లర్కులను, పనోళ్లను తీసుకపోయింది. గల్ఫ్ దేశాలల్ల చలామణి అయింది మన రూపాయే! 1959ల రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగుల నోట్లు కూడా అచ్చేసింది. కువైట్ 1961ల సొంత దినార్ తెచ్చుకున్నది, దుబాయి, అబుదాబి దిక్కు 1966 దాకా, ఒమాన్‌ల 1970 దాకా మన రూపాయి నడిచింది. పైసల లెక్క మన రూపాయలల్ల ఉన్న చోట, ఆ లెక్క రాసేటోనికి గిరాకి ఉండదా?

అయితే ఆ కుర్చీల కూసున్నోళ్లు ముంబై, గుజరాత్, సింధ్ వాళ్లు, తర్వాత మళయాళీలు. కేరళల బడులు ముందుగాల వచ్చినయి, టైపు, షార్ట్‌హ్యాండు, బుక్‌కీపింగ్ నేర్చుకొని ఓడెక్కిన్రు. నిజామాబాద్, కరీంనగర్ నుంచి పోయినోళ్లకు బోరు, కరువు, బీడీలు, మిత్తి అప్పు తప్ప చేతుల సర్టిఫికెట్ లేదు. మన సంగతైతే ఇంకా ఆలస్యం. తెలంగాణల లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతోని వచ్చింది. హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు దాని తర్వాతనే. గల్ఫ్ దర్వాజ తెరుచుకున్నప్పుడే మన బడి దర్వాజ కూడా తెరుచుకున్నది. అప్పటికే పెద్దగైనోడు గల్ఫ్‌కు, వాని తమ్ముడు హాస్టల్‌కు పోయిన్రు. తమ్ముని ఫీజులు అన్న పంపిన రియాళ్లతోని కట్టిన ఇండ్లు మన తండాలల్ల ఎన్నో ఉన్నయి.

అన్నలు పడ్డ కష్టం ఈ గ్రూపుల చాలాసార్లు రాసుకున్నం, మళ్ల రాయం. 1990ల ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు లక్షా 70 వేల పైన మనోళ్లను విమానాలల్ల తెచ్చిన్రు, మన జిల్లా వాళ్లు కూడా అందుల ఉన్నరు. ఖఫీల్, ఆజాద్ వీసా, కల్లివెల్లి, ఈ మాటలకు మన ఇండ్లల్ల ఎవరూ అర్థం అడగరు.

ఇప్పుడు కాలం మారిన సంగతి. 2018 జనవరి 1న సౌదీల, యూఏఈల 5 శాతం వ్యాట్ పెట్టిన్రు. అప్పటిదాకా చిన్న దుకాణం లెక్క చీటీల మీద నడిచేది. వ్యాట్ వచ్చినంక ప్రతి బిల్లు రాయాలె, రిటర్న్ కట్టాలె. 2020 జులైల సౌదీ దాన్ని 15 శాతం చేసింది. యూఏఈ 2023 జూన్ నుంచి కంపెనీల లాభం మీద కూడా పన్ను పెట్టింది, 3 లక్షల 75 వేల దిర్హాములు దాటితే 9 శాతం. అందుకే అక్కడ జూనియర్ అకౌంటెంట్లకు గిరాకి. పని ఏందంటే, పెట్టీ క్యాష్ రాసుడు, బిల్లులు ఎక్కిచ్చుడు, బ్యాంకు స్టేట్‌మెంటుతోని మన పుస్తకం కలిపి చూసుడు, జీతాల ఫైలు బ్యాంకుకు పంపుడు. బెంగళూరుల పుట్టిన ట్యాలీ అక్కడ చిన్న కంపెనీలల్ల బాగనే నడుస్తది. మన గిర్రాజ్ కాలేజీల, డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీ కింద బీకాం చేసినోళ్లకు చేతగాని పని కాదు.

మన భాషల కూడా ఆ పని ఉన్నది. హిసాబు, జమ, బాకీ, వసూలు అని మన నాయనమ్మలు అన్న మాటలన్నీ అరబ్బీవే, నిజాం దఫ్తర్ల నుంచి మన నోటికొచ్చినయి. హిసాబు చేసేటోన్ని అరబ్బీల "ముహాసిబ్" అంటరు. తమ్ముని వీసా మీద ఉండాల్సిన మాట అది.

ఆ ఒక్క మాటకు ఇంత గోల ఎందుకు అంటరా? సౌదీల అకౌంటెంట్ వృత్తి అకామా మీద ఉండాలంటే "సోక్పా" అనే అక్కడి అకౌంటెంట్ల సంస్థల రిజిస్టర్ కావాలె. డిగ్రీ సర్టిఫికెట్ సరిచూసుకున్నంకనే రిజిస్టర్ చేస్తరు. 2021 జూన్‌ల ఐదుగురు, అంతకన్నా ఎక్కువ అకౌంటెంట్లున్న కంపెనీలల్ల నూటికి 30 మంది సౌదీ వాళ్లే ఉండాలె అన్న రూలు కూడా వచ్చింది. కాబట్టి "పోయినంక మారుస్తం" అనేది ఏజెంటు నోటి మాట. మార్చుకోవాలంటే డిగ్రీ కాగితాలు, కంపెనీ ఒప్పుదల, ఆ కోటాల ఖాళీ, అన్నీ కుదరాలె. కుదరకుంటే ఆమిల్ వీసా మీద కంప్యూటర్ ముంగట కూసునుడు అక్కడ చట్టానికి వ్యతిరేకం. తనిఖీకి వస్తే దొరికేది పిలగాడు.

ఇంకో సంగతి చదువుకున్నోళ్లు గమనించాలె. 1983 వలస చట్టం కింద పది పాస్ కానోని పాస్‌పోర్టుకు "ఈసీఆర్" ఉంటది. వాడు గల్ఫ్ పోవాలంటే సర్కారు ముందు కాంట్రాక్టు చూసి క్లియరెన్స్ ఇయ్యాలె, బీమా చేయాలె. మన బీకాం తమ్మునికి ఆ ముద్ర అక్కర లేదు, నేరుగ విమానం ఎక్కొచ్చు. వినడానికి గొప్పగుంది. కాని ఆయన కాంట్రాక్టు ఎవరూ చూడలే. 2018ల ఇట్లాంటోళ్లు కూడా పోయే ముందు రిజిస్టర్ చేసుకోవాలని కేంద్రం చెప్పి, గొడవ కాంగనే అదే నెలల ఆపేసింది. కూలికి పోయిన కాకా కాగితం ఒక ఆఫీసరన్న చూసిండు, అకౌంటెంట్‌గ పోయే తమ్ముని కాగితం చూసింది మళ్ల కాకానే.

ఏజెంటు విషయం. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటే మనుషులను పంపాలె, ఆ నంబరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటుల చూసుకోవచ్చు. తీసుకోవాల్సిన ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షా నలభై వేలు ఎట్లయింది? నంబరు అడిగితే మా తమ్మునికి ఆ ఏజెంటు ఇయ్యలేదు, ఫోన్ పెట్టేసిండు. మన రాష్ట్ర సర్కారుదే టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నది, అండ్ల పేరు రాసుకొని పెట్టొచ్చు, ఆలస్యమైతది గాని కాగితం సక్కగుంటది. సర్టిఫికెట్ల సంగతి, సౌదీకి 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ సరిపోతది, యూఏఈకి మాత్రం వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలె. ఒరిజినల్ ఎవరి చేతుల పెట్టకండి.

తమ్ముని నాయిన అప్పటికే నలభై వేలు కట్టిండు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. అంటే నెలకు 1,200, సాలుకు 14,400. మొత్తం లక్షా నలభై తెస్తే నెలకు 4,200 ఒక్క మిత్తికే. ఈ లెక్క తమ్ముడే వేసి చూపెట్టిండు మాకు. వేసినంక చానాసేపు మాట్లాడలేదు. ఉచల్ అని మేమెవ్వరం అనలేదు గాని, అందరి మనసుల అదే మెదిలింది.

అప్పుడే కాకా ఇంకో కాగితం తీసిండు. ఆయన పాత ఫైలు, ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని తిరుగుతడు. పద్నాలుగేండ్లు చేసిన కంపెనీ వదిలేసి వచ్చేటప్పుడు ఇచ్చిన హిసాబు కాగితం. జీతం 1,200 రియాళ్లు. చేతుల పెట్టింది 8,400. "అంతా ముట్టింది" అని అరబ్బీల రాసున్న చోట ఆయన సంతకం పెట్టిండు.

తమ్ముడు ఫోన్ల సౌదీ కార్మిక చట్టం వెతికి చదివిండు. మొదటి ఐదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆరో ఏడు నుంచి ఏడాదికి పూర తిరగ ఒక నెల జీతం. పదేండ్లు దాటినోడు తానే రాజీనామా చేసినా పూర ఇయ్యాలె. మా ఫ్యాక్టరీల చేసిన పెద్దలకు గ్రాట్యుటీ అంటే 1972 చట్టం, ఏడాదికి 15 రోజులు, గదే తెలుసు. కాకా కూడా గదే అనుకున్నడు, సగం నెల చొప్పున ఇచ్చిన్రు, సరిపోయింది అనుకొని వచ్చిండు. తమ్ముడు కాగితం వెనుక రాసిండు: ఐదు సార్లు 600, మూడు వేలు. తొమ్మిది సార్లు 1,200, పది వేల ఎనిమిది వందలు. మొత్తం 13,800. ఇచ్చింది 8,400. తక్కువ పడ్డది 5,400 రియాళ్లు. అప్పటి ధరల మన పైసలల్ల లక్షకు కొంచెం తక్కువ.

ఆ లెక్క అక్కడ వేసింది కూడా ఎవడో ఒక అకౌంటెంటే. మన దేశపోడే అయి ఉండొచ్చని కాకా అన్నడు. తెల్వక వేసిండో, చెప్తే వేసిండో. ఆ కుర్చీల మన తండా పిలగాడు కూసుంటే వేరే తీరుగ అయ్యేదని మేము గట్టిగ చెప్పలేం. నౌకరి కాపాడుకునేటోడు ఎవడైనా ముదీర్ చెప్పిందే రాస్తడు. కాని కాకా పక్కన కూసొని గోర్‌బోలిల "కాకా, సంతకం పెట్టకు, ఆగు" అనేటోడు ఒకడుంటే మాత్రం ఫరక్ పడేది. మేము అకౌంటెంట్ ఉద్యోగం గురించి ఇంత పట్టుకొని రాసేది ఆ రెండు వేల రియాళ్ల కోసమే కాదు.

తమ్ముడు ఆ వీసా వద్దన్నడు. నలభై వేల కోసం వాళ్ల నాయిన ఏజెంటు ఇంటికి తిరుగుతున్నడు, మేము కూడా ఇద్దరం పోయొచ్చినం, ఇంకా రాలేదు. తమ్ముడు ఇప్పుడు నిజామాబాద్‌ల ఒక ఆడిటర్ దగ్గర తొమ్మిది వేలకు చేస్తున్నడు. రెండేండ్ల అనుభవం సర్టిఫికెట్ వచ్చినంక ముహాసిబ్ అని రాసున్న వీసాకే పెడతనంటున్నడు. పొద్దున బోధన్ బస్సుకు వచ్చి, రాత్రి బస్సుకు పోతున్నడు. నాయిన మీద మిత్తి నెలనెలా నడుస్తనే ఉన్నది.

కాకా ఆ రోజు లేస్తూ, వెనుక లెక్క వేసిన ఆ కాగితాన్ని తిరిగి అడిగి తీసుకున్నడు. ఎనిమిదేండ్లు దాటింది కాకా, ఇగ దాంతోని ఏమొస్తది అంటే, ఏం మాట్లాడకుండ మడత పెట్టి, పాత పాస్‌పోర్టు ఉన్న కవర్ల పెట్టుకున్నడు.